మే నెల మిద్దె మీద

పాలపుంత నడిబొడ్డు ఉండే ధనుస్సు రాశి మే నెలకి రాత్రి రెండు దాటాక దక్షిణాన బాగా పైకొస్తుంది. జూన్‌లో మబ్బులు కమ్మితే మళ్ళీ దొరకదు. అనంతపురం జిల్లాలో ఫోటోలు తీసే నాకు ఆ రాశిలోని లగూన్ నెబ్యులా కావాలంటే ఎండాకాలమే దిక్కు.

పగలంతా మిద్దె తాగిన ఎండ రాత్రంతా కక్కుతూనే ఉంటుంది. అర్ధరాత్రికి కూడా 31 డిగ్రీలు. నాది చల్లబరిచే ఏర్పాటు లేని మామూలు డీఎస్‌ఎల్‌ఆర్. మూడేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు వరసగా తీస్తుంటే, ప్రతి ఫోటో వివరాల్లో నమోదయ్యే వేడి 35, 38, 41 అంటూ ఎక్కుతూ పోయింది. తెరమీద నెబ్యులా గులాబీ మసక కంటే ఎర్ర చుక్కలు, నీలి చుక్కలే ఎక్కువ.

వెలుతురు పడకపోయినా సిలికాన్‌లో వేడికే ఎలక్ట్రాన్లు పుడతాయి. సుమారు ఆరు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. చలికాలంలో ఓరియన్‌ను శుభ్రంగా తీసింది ఈ కెమెరానే. అప్పుడు సెన్సర్ 23 దగ్గర ఉండేది. 18 డిగ్రీల తేడా, అంటే ఎనిమిది రెట్లు.

డార్క్ ఫ్రేములు తీసి వాటిని ఫోటోల్లోంచి తీసివేయాలంటారు. లెన్సుకు మూతపెట్టి అదే ఐఎస్‌ఓలో, అంతే నిడివితో, అదే వేడిలో తీయాలి. వేడి ఒకచోట నిలిస్తే కదా! 41లో తీసిన డార్క్‌ను 35లో తీసిన ఫోటోలోంచి తీసేస్తే చుక్కల చోట నల్లటి గుంటలు మిగిలాయి. అందుకని ఫోటోల మధ్య మధ్యలో డార్క్‌లు తీస్తూ పోయాను. ఉన్న కాసిన్ని మంచి గంటలూ మూతకే పోయాయి. పైగా డార్క్‌తో పోయేవి ఎప్పుడూ ఒకేచోట ఉండే చుక్కలే. ఫ్రేముకో తీరుగా మారే గరుకు పోదు.

ఫ్యాన్ పెడితే ట్రైపాడ్ వణికి నక్షత్రాలు సాగిపోయాయి. ఐసు సంచి కెమెరా వీపుకు కడితే వేడి దిగింది గానీ దాని ఒళ్ళంతా చెమ్మ పట్టింది. ఆ నీళ్ళు లోపలికి దిగితే ఫోటో మాట దేవుడెరుగు, కెమెరాయే మిగలదు. విప్పేశాను.

"ఇంగా పండుకోలేదేమిరా? దానికి ఉడుకైతే నువ్వూ ఉడకాల్నా?" అని అమ్మ కింద నుంచి అరిచేది.

చివరికి ఎక్స్‌పోజర్‌ను తొంభై సెకన్లకు దించాను. రెండింటి మధ్య నిమిషం విరామం. ఫోకస్ కుదరగానే లైవ్ వ్యూ ఆపి, వెనక తెరను కెమెరా ఒంటికి దూరంగా మడిచేవాణ్ణి. నక్షత్రాల వెంట కెమెరాను తిప్పే మౌంట్‌ను అప్పుడప్పుడూ రవ్వంత జరిపేవాణ్ణి. చుక్కలు నక్షత్రాల లెక్కన వేరే వేరే చోట పడితే, ఫ్రేములన్నీ కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని ఏరేస్తుంది. దీనివల్లే ఎక్కువ లాభం కలిగింది, డార్క్‌ల కంటే కూడా. కూలింగ్ కెమెరా అయితే సెన్సర్‌ను బయటి వేడి కంటే సుమారు 35 డిగ్రీలు తక్కువకు దించుతుంది. ధర విని ఊరుకున్నాను.

వచ్చిన ఫోటోలో లగూన్‌ను చీల్చే నల్లటి చాలు తెలుస్తుంది. అంచుల్లోని పలుచని గులాబీ గరుకులో కలిసిపోయింది. నున్నగా చేయమని మిత్రులన్నారు. చేయలేదు. చేస్తే అక్కడున్నది నెబ్యులానో, నా సెన్సర్ వేడో నాకే తెలియదు.