పాల ప్యాకెట్ ఆగలేదు

2020 మార్చి ఆఖర్లో అమీర్‌పేట హాస్టళ్లు ఖాళీ అయిన తీరు మా పంజాగుట్ట వాళ్లెవరూ మరచిపోరు. ఊరెళ్లే అనుమతి చీటీ కోసం పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. టిఫిన్ సెంటర్లు, చాయ్ హోటళ్లు మూతపడ్డాయి. మా ఇంటికి విజయ పాల ప్యాకెట్ మాత్రం రోజూ వచ్చింది. విజయ అంటే మన రాష్ట్ర పాడి సహకార సమాఖ్య పాలే.

మరి హోటళ్లకు వెళ్లే పాలన్నీ ఏమైనట్టు? గేదెకు లాక్‌డౌన్ తెలియదు కదా! రెండుపూటలా పితకాల్సిందే. దేశంలో చాలాచోట్ల ప్రైవేటు డెయిరీలు కొనుగోలు తగ్గించాయి. గుజరాత్‌లో అమూల్ సహకార సంఘాలు మామూలు కంటే ఎక్కువే సేకరించి, మిగిలినవాటిని పొడి చేసి దాచాయి.

పాలు పోసేవారే యజమానులైతే చాలా? చాలదు. డెయిరీ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా కూడా రైతుల సహకార సంఘమే. అయినా ఆ ఏప్రిల్‌లో కొందరు సభ్యులను పాలు పారబోయమంది. హోటళ్లకు, బడులకు పంపే పెద్ద ప్యాకింగు నుంచి ఇంటి సీసాలకు అక్కడి ఫ్యాక్టరీలు ఒక్కసారిగా మారలేకపోయాయి. పొడి చేసే యంత్రం, గోదాము, నాలుగు నెలలు సరుకు ఆపుకోగల పెట్టుబడి... ఇవీ ఉండాలి.

‘‘అయితే మనం తాగింది పొడి పాలా?’’ అని మా ఆవిడ మొహం చిట్లించింది. ఎండాకాలంలో పాల కొరత వస్తే డెయిరీలు పొడి కలపడం కొత్తేమీ కాదన్నాను. ఆ పొడి వెనుక పాడి రైతు ఇంటికి చేరాల్సిన పాల బిల్లు ఉంది. కూలి పనులు ఆగిన ఆ నెలల్లో చాలా ఇళ్లలో ఉప్పూపప్పూ దాంతోనే కొన్నారు.