ఆదివారం మళ్ళీ కోల్‌కతానే

పద్మారావు నగర్ పార్కులో ఈ పొద్దున నడక సగం, సన్‌రైజర్స్ ముచ్చట సగం. రాత్రి చెపాక్‌లో రాజస్థాన్‌ని 36 పరుగులతో కొట్టాం కదా! క్లాసెన్ 50 కొట్టినా అందరి నోటా షాబాజ్ అహ్మదే. ఇంపాక్ట్ ప్లేయర్‌గా దిగి 23 పరుగులకే 3 వికెట్లు మరి.

కానీ రేపు, 2024 మే 26న, ఐపీఎల్ ఫైనల్లో మళ్ళీ కోల్‌కతా. మంగళవారం అహ్మదాబాద్‌లో వాళ్ళ స్టార్క్ రెండో బంతికే మన హెడ్ స్టంప్స్ ఎగరగొట్టింది ఎవరమూ మర్చిపోలేదు.

"మొదటి ఓవర్ గట్టెక్కితే చాలు అంకుల్" అన్నాడు ఇంటర్ కుర్రాడు.

అంకుల్ షూ లేసు కట్టుకుంటూ, "చూద్దాం లేరా" అని లేచారు. ఇంటికెళ్ళే దారి అటు. ఆయన మాత్రం స్కందగిరి గుడి వైపు తిరిగారు.