ఆట బంద్ పెట్టిండు, మంచిదే కదా సార్?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి మానసిక వైద్యుడినైన నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చెప్పుకునే బాధ చాలామటుకు ఒక్కటే: పిల్లవాడు ఫోన్ వదలడం లేదని. గద్వాల నుంచి వచ్చిన ఒక నేత కార్మికుడు మాత్రం ఫోన్ మాటే ఎత్తలేదు. కొడుక్కి నిద్ర పట్టడం లేదు, అన్నం సయించడం లేదు, బాగా చిక్కిపోయాడు. అన్నీ చెప్పి చివర్లో, "ఇదివరకు తెల్లార్లు గేమే ఆడుతుండె సార్. అదొక్కటి బంద్ పెట్టిండు. గంతవరకు నయమే" అన్నాడు.

నాకు మాత్రం అదే నయంగా అనిపించలేదు.

కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు. ఆడింది గెన్షిన్ ఇంపాక్ట్. 2020 సెప్టెంబరులో వచ్చిన ఈ రోల్ ప్లేయింగ్ ఆటలో కథ నడిచినంతకాలం కొండ దాటితే కొత్త ఊరు, కొత్త మనుషులు. ఉన్న కథంతా ఆడేశాక మిగిలేదే ఆటగాళ్లు ఎండ్‌గేమ్ అని పిలిచే భాగం. స్పైరల్ అబిస్ అనే పోరాటాల అంతస్తుల్లో పన్నెండోది దాటాలి. గడువు తిరగ్గానే మళ్లీ దాటాలి. అందుకు పాత్రలకు బలాన్నిచ్చే మంచి ఆర్టిఫాక్ట్‌లు కావాలి, వాటికోసం డొమైన్ అనే ఒకే పోరాట స్థలంలో పదేపదే పోరాడాలి. ఒక్కసారి బహుమతి తీసుకోవడానికి, ఆటలో కాలం గడిచేకొద్దీ పోగయ్యే రెజిన్ 20 ఖర్చవుతుంది. ఒక్క రెజిన్ పుట్టడానికి 8 నిమిషాలు. అంటే ఒక ప్రయత్నం వెనుక 2 గంటల 40 నిమిషాల ఎదురుచూపు ఉంటుంది. అంతా అయ్యాక దక్కింది పనికొస్తుందన్న భరోసా లేదు. ఇలాంటి పని మీద విసుగు పుట్టడంలో వింత లేదు.

"కష్టమై మానేసినవా?" అని అడిగాను.

"లేదు సార్. గెలిచినా ఏం అనిపిస్తలేదు."

పాటలు? ఇనబుద్ధి అయితలేదన్నాడు. క్రికెట్ మానేసి రెండు నెలలు. దోస్తులంతా జములమ్మ జాతరకు పోతే తను ఇంట్లోనే పడుకున్నాడట. తండ్రిని బయట కూర్చోమని, బతకాలని లేదనిపించిందా అని సూటిగా అడిగాను. తల దించుకున్నాడు, కాసేపటికి అవునన్నాడు.

ఆట మీద మామూలు విసుగు వేరు. మెదడు బహుమతిని ఎలా లెక్కగడుతుందో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాల్లో చూపాడు. అనుకోకుండా పళ్లరసం దొరికినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగిన వెంటనే రసం వస్తుందని కోతికి తెలిశాక, అవి దీపానికే స్పందించాయి, రసానికి కాదు. ముందే తెలిసిన బహుమతికి మెదడు పెద్దగా పొంగదు. వందోసారి అదే రాక్షసుణ్ణి చంపినవాడికి ఉత్సాహం చప్పబడటం ఆరోగ్యవంతమైన మెదడు చేసే పనే. అది జబ్బు కాదు.

వనపర్తి నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి తనంతట తానే వచ్చాడు. "ఒక్క గేముకే రెండేండ్లు పెట్టిన సార్. ఇప్పుడు తెరవబుద్ధే అయితలేదు. నాకేమన్న అయిందా?" అన్నాడు. అతనికి ఆకలి ఉంది, నిద్ర ఉంది, సాయంత్రమైతే వాలీబాల్ ఉంది. మందేమీ రాయలేదు. ఆ ఆటతో నీ పని అయిపోయింది, అంతే అని చెప్పి పంపాను.

గద్వాల కుర్రాడిది వేరు. అతనికి విసుగు పుట్టింది ఆట మీద కాదు, బతుకు మీద. ఆట మిగతావాటితో పాటు పోయింది, కాకపోతే ఇంట్లోవాళ్లకు కనబడిన మార్పు అదొక్కటే. డిప్రెషన్‌ను గుర్తించడానికి ఎప్పుడూ ఏడుపే కనబడాలని లేదు. రెండు వారాలపాటు దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా దాని ముఖ్య లక్షణమే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. దాని గురించి ఇప్పుడు బడుల్లో కూడా మాట్లాడుతున్నారు, మంచిదే. కానీ ఆ జబ్బు భయంతో తల్లిదండ్రులు, ఆట మానిన ప్రతి బిడ్డా బాగుపడ్డట్టే లెక్కవేస్తున్నారు.

నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె కుర్రాడి సంగతి ఈ రెండింటిలోనూ ఇమడదు. తల్లిదండ్రులు పాలమూరు వలసలో భాగంగా బయటే కూలి చేస్తారు, ఇతను అవ్వ దగ్గర పెరిగాడు. రాత్రిపూట ఆన్‌లైన్ ఆటలో కలిసే జట్టే అతని వాడకట్టు. ఉద్యోగాలొచ్చి ఒక్కొక్కరే లాగిన్ కావడం మానేశారు. "ఎవరూ లేరు సార్, ఒక్కన్ని ఏం ఆడాలె?" అన్నాడు. ముఖం కూడా చూడని స్నేహితులు పోతే ఏడవడానికి సిగ్గుపడుతున్నాడు. ఆ దుఃఖం నిజమైనదేనని ఒక పెద్దమనిషి నోటి నుంచి వినడమే అతనికి కావలసింది. తల్లికి ఫోన్ కలిపి, రోజూ రాత్రి పది నిమిషాలు కొడుకుతో మాట్లాడమన్నాను.

గద్వాల కుర్రాడికి మాత్రలు మొదలుపెట్టాం, మాటల చికిత్స సాగించాం. ఒంటరిగా వదలొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను. బుద్ధి పుట్టేదాకా ఆగకుండా రోజుకో చిన్న పని చేయాలి: పొద్దున కాసేపు నడక, నాన్న మగ్గానికి నాలుగు కండెలు చుట్టడం. కొన్ని వారాలకు నిద్ర కుదిరింది. ఆ తర్వాత ఒకరోజు తండ్రి కంగారుగా ఫోన్ చేశాడు: "సార్, మళ్ల గేమ్ పట్టిండు!" ఎంతసేపని అడిగితే అరగంట అన్నాడు. ఆడుతూ నవ్వాడా అని అడిగాను. నవ్వాడట. ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది. ఆడనివ్వమన్నాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లవాడు ఆట మానేస్తే, దాని బదులు ఏం పట్టుకున్నాడో చూడండి. బంతి పట్టినా, పుస్తకం పట్టినా, దోస్తుల వెంట తిరిగినా బెంగ అక్కర్లేదు. ఏదీ పట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అంతదాకా పోలేకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.