బొమ్మ వచ్చింది... పని మిగిలే ఉంది!

కంప్యూటరు మొరాయిస్తే రాయలసీమ ఊళ్లలో వినిపించే సలహా ఒకటే... ‘ఫార్మాట్ కొట్టించు, పోతుంది’. జ్వరమొస్తే బిళ్ల వేసుకున్నట్టు అన్నమాట. సిస్టమ్ నెమ్మదించినా, వైరస్ ఎక్కినా, పిల్లలు ఏదో నొక్కి ఇంకేదో చేసినా అదే మందు. సీపీయూ డబ్బాను బైకు మీద పెట్టుకుని కర్నూలుకో కడపకో పట్టుకెళ్తారు. గంట తర్వాత తెర మీద నీలిరంగు బొమ్మ కనబడగానే ‘అయిపాయె కదా, ఎంతియ్యాల?’ అని జేబులో చెయ్యి పెడతారు. అసలు పని అప్పుడే మొదలవుతుందని తెలిసినవాళ్లు తక్కువ.

ఆయనకు తెలుసు. కర్నూలులో చిన్న సర్వీసు దుకాణం ఆయనది. సిస్టమ్‌లు బాగుచేయబట్టి ఇరవై ఏళ్లు దాటింది. నెలకు రెండు మూడుసార్లు ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా వెళ్లొస్తుంటారు. దారిలోని బడులు, ఎరువుల అంగళ్లు, డీటీపీ సెంటర్లు... అన్నీ పాత పరిచయాలే. భుజాన సంచిలో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే పెయింట్ బ్రష్షు, రెండు పెన్‌డ్రైవ్‌లు, గుండ్రటి పిన్నున్న పాతకాలం కీబోర్డు ఒకటి. ఓఎస్ వేయడానికి ఆయన తీసుకునే సమయం గంటలోపే. ఆ తర్వాతి పనికే పూట పడుతుంది.

తూము లేని కాలువ

డ్రైవర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన పుస్తకం భాష మాట్లాడరు. కేసీ కాలువను గుర్తుచేస్తారు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని కర్నూలు నుంచి కడప వైపు సాగే ఆ కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పంటలకే కాదు, పడవలకూ పనికొస్తుందనుకున్నారు. కంపెనీ లెక్కలు తప్పాయి, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. ‘కాల్వ నిండా నీళ్లుంటే చాలునాప్పా? తూము లేకపోతే గట్టు పక్క చేను కూడా తడవదు’ అంటారాయన.

ఓఎస్ ఆ కాలువ. ప్రింటరు, స్పీకరు, వైఫై, కెమెరా... ఇవన్నీ చేలు. ఒక్కోదానికి ఒక్కో తూము కావాలి. అదే డ్రైవర్. ఫలానా చిప్పుతో ఏ భాషలో మాట్లాడాలో ఓఎస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామ్. అది లేకపోతే వస్తువు బాగానే ఉంటుంది, తీగ బాగానే ఉంటుంది, పని మాత్రం జరగదు. తెర మీద అక్షరాలు లావుగా, బొమ్మలు సాగదీసినట్టు కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అర్థం. పాట మూగబోతే సౌండ్ డ్రైవర్ లేదు.

దేనికి లోటుందో కంప్యూటరే చెబుతుంది. డివైస్ మేనేజర్ తెరిస్తే పలకని వాటి పక్కన పసుపు రంగు గుర్తు ఉంటుంది. పేరు తెలియకపోయినా లోపల ఒక సంఖ్య దొరుకుతుంది. తయారీ సంస్థకో అంకె, వస్తువుకో అంకె... మనిషికి ఇంటిపేరు, పేరు ఉన్నట్టు. ఇంటెల్ ఇంటిపేరు 8086. అది 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రసిద్ధ చిప్పు పేరే! రియల్‌టెక్‌ది 10ఈసీ. ఆ రెండు అంకెలు పట్టుకుంటే ఎంత పాత బోర్డుకైనా సరైన డ్రైవర్ వెతకొచ్చు. డెల్ మిషన్లకైతే సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీ వాటికి సీరియల్ నంబరు ఆ కంపెనీ సైట్‌లో కొడితే చాలు, పట్టిక మొత్తం వస్తుంది.

ఫ్లాపీ కాలం నుంచి...

ఇప్పటి పిల్లలకు ఇది సులువు. విండోస్ 10, 11లు వచ్చాక నెట్ తగిలితే చాలు, సగం పైగా డ్రైవర్లు వాటంతటవే దిగిపోతాయి. 2001లో వచ్చిన ఎక్స్‌పీ కాలంలో అలా కాదు. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీ పోయిందంటే సగం ప్రాణం పోయినట్టే. సాటా హార్డ్‌డిస్కులు కొత్తగా వచ్చిన రోజుల్లో ఎక్స్‌పీ సీడీకి అవేమిటో తెలిసేది కాదు. ‘అసలు డిస్కే లేదు’ పొమ్మనేది. మొదట్లోనే ఎఫ్6 మీట నొక్కి, డ్రైవర్‌ను ఫ్లాపీలో అందించాలి. కొన్నేళ్లకు ఫ్లాపీలు పోయాయి గానీ కథ మారలేదు. 2015 తర్వాతి ఇంటెల్ బోర్డుల మీద విండోస్ 7 వేయబోతే యూఎస్‌బీ కీబోర్డు, మౌసు కదిలేవి కావు. కొత్త యూఎస్‌బీకి కావాల్సిన డ్రైవర్ ఆ డిస్కులో లేకపోవడమే కారణం. గుండ్రటి పిన్ను కీబోర్డు ఆయన సంచిలో చేరింది అందుకే.

తెలుగు సంగతి ఇంకో ఎత్తు. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. కానీ కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్లి, ఒక గడిలో టిక్కు కొట్టి, మళ్లీ సీడీ పెడితేగానీ అక్షరాలు సరిగ్గా వచ్చేవి కావు. అందాకా తెలుగంతా డబ్బాలు డబ్బాలే. డీటీపీ సెంటర్ల బాధ మరోరకం. పాత అను ఫాంట్లను దాచుకోకుండా ఫార్మాట్ కొట్టేస్తే, ఏళ్ల తరబడి కట్టిన పెళ్లి పత్రికలన్నీ పిచ్చి గీతలయ్యేవి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి ఇప్పటికీ అంతే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు అంగళ్లలోని సామానంతా బురద పాలైంది. అప్పటినుంచి ఆయనకో అలవాటు. డ్రైవర్లయినా, పత్రాలయినా రెండు చోట్ల ఉంటేనే ఉన్నట్టు. ఒక్కచోటే ఉంటే లేనట్టే లెక్క.

ముందు నెట్టు... తర్వాతే హంగులు

ఫార్మాట్ కొట్టకముందే సగం పని జరగాలంటారు ఆయన. సీ డ్రైవ్‌లోని ఫైళ్లు, ఫాంట్లు, పాస్‌వర్డులు తీసి పెట్టుకోవాలి. మిషన్ ఇంకా ఆన్ అవుతుంటే డిస్మ్ అనే ఆజ్ఞతో ఉన్న డ్రైవర్లన్నిటినీ ఒక ఫోల్డరులోకి ఎత్తుకోవచ్చు. ఏదీ కుదరకపోయినా నెట్‌వర్క్ డ్రైవర్ ఒక్కటైనా పెన్‌డ్రైవ్‌లో ఉండి తీరాలి. ఎందుకంటే మిగతావన్నీ తెచ్చుకోవడానికి దారి అదే. విండోస్ 11 అయితే మొదట్లోనే నెట్ అడిగి కూర్చుంటుంది. వైఫై డ్రైవర్ లేకపోతే నెట్ రాదు, నెట్ లేకపోతే డ్రైవర్ రాదు. బావిలో పడ్డ బొక్కెనను తీయడానికి ఆ బొక్కెనే కావాలన్నట్టు! అలాంటప్పుడు ఫోను అక్కరకొస్తుంది. యూఎస్‌బీ తీగతో ఫోను తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది.

నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్. ఆ తర్వాత చిప్‌సెట్, గ్రాఫిక్స్, సౌండ్. చివర్లో ప్రింటరు, స్కానరు. మధ్యలో రెండు మూడుసార్లు ఆపి ఆన్ చేయాల్సి వస్తుంది. ఇక అప్‌డేట్లు లేవని అది చెప్పేదాకా మళ్లీ మళ్లీ చూడాలి. అంతా కుదిరాక ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. రోజుకు ఒకటిన్నర జీబీ మాత్రమే వచ్చే ఫోను నెట్ మీద ఈ పని పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా డేటా ఖాళీ. అందుకే ఇంటికి పంపేముందు ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’ అని గుర్తుపెట్టి ఇస్తారు. నాలుగైదు సిస్టమ్‌లున్న సెంటరైతే ఒకటి దించుకున్న అప్‌డేట్‌ను మిగతావి పంచుకునే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది.

ఇంత తంటా ఎందుకని కుర్రాళ్లు అడ్డదారి పడతారు. ఎక్కడో దొరికిన డ్రైవర్ ప్యాక్ ఒకటి వేసి పారేస్తారు. పనైపోతుంది. దాంతోపాటు అడగని ప్రోగ్రాములు నాలుగు, ఒక్కోసారి వైరస్సూ వచ్చి కూర్చుంటాయి. ఏ జబ్బు పోవాలని ఫార్మాట్ కొట్టారో అదే మళ్లీ మొదటికొస్తుంది.

వేలిముద్ర పడని రోజు

మైదుకూరు దగ్గర ఒక పల్లెలో బ్యాంకు సేవా కేంద్రం నడిపే అమ్మాయి నుంచి ఓరోజు ఫోనొచ్చింది. ‘అన్నా, ఊళ్లో పిల్లోడితో ఓఎస్ వేయించినా. అన్నీ వస్తాండాయి గానీ వేలిముద్ర మిషన్ ఒక్కటే పలకడం లే. రెండ్రోజులాయె’. అది ఉపాధి కూలి డబ్బులు పడిన వారం. ఆయన వెళ్లేసరికి అరుగు మీద పదిమంది కూర్చుని ఉన్నారు. బ్యాంకుకు పోవాలంటే బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి పోతాయి. ‘ఏం నాయనా, ఈ పొద్దన్నా నా ఏలిముద్ర పడుతుందా, మల్లా రాపో అంటారా?’ అని అడిగిందో ముసలమ్మ. ఆయనకు జవాబు తోచలేదు. మూత విప్పడం మొదలుపెట్టారు.

లోపల ఎర్రమట్టి దుమ్ము. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు చచ్చిపోయి ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటరు తేదీ ఏళ్లకు ఏళ్లు వెనక్కి వెళ్తోంది. తేదీ తప్పితే సురక్షిత సైట్లు నమ్మవు, అప్‌డేట్లూ దిగవు. సెల్లు మార్చి, తేదీ సరిచేసి, ఫోను నెట్‌తో విండోస్‌ను దారికి తెచ్చారు. వేలిముద్ర పరికరానికి డ్రైవర్ ఒక్కటే చాలదు. ముద్రను అక్కడికక్కడే తాళం వేసి పంపే ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ కూడా ఉండాలి. పిల్లోడు మొదటిది వేశాడు, రెండోది ఉందనే అతనికి తెలియదు. పన్నెండున్నరకు మిషన్‌లో ఎర్ర లైటు వెలిగింది. ముసలమ్మ వేలు మూడోసారికి పడింది. ఆమె నోట్లు లెక్కపెట్టుకుని కొంగున కట్టుకునేదాకా ఆయన సంచి సర్దలేదు.

ఓఎస్ వేయడమంటే ఏమిటో ఆ అరుగు మీదివాళ్లకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. వాళ్ల డబ్బు వాళ్ల చేతికొచ్చిందా లేదా అన్నదే లెక్క. తూము సరిగ్గా పెట్టకపోతే ఎండేది చివరి చేనే.

గడియ పెట్టని తలుపు

డ్రైవర్ల కన్నా పెద్ద పేచీ అప్‌డేట్లతో. ‘అది మాటిమాటికీ ఆగి తిరుగుతాంటుంది, తీసెయ్యన్నా’ అని అడిగేవాళ్లే ఎక్కువ. ఫిర్యాదులు రాకుండా అప్‌డేట్లను ముందే ఆపేసి ఇచ్చే దుకాణాలూ ఉన్నాయి. ఆయన మాత్రం ఆపరు. దొంగలు పడటానికి తలుపు విరగ్గొట్టాల్సిన పనిలేదు, గడియ పెట్టకపోతే చాలు.

2003 జులైలో మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని పూడ్చింది. ఆగస్టులో బ్లాస్టర్ పురుగు సరిగ్గా అదే కంతలోంచి దూరింది. అప్‌డేట్ చేయని ఎక్స్‌పీని నెట్‌కు తగిలిస్తే చాలు, అరవై సెకన్ల గడువిచ్చి ఆగిపోయేది. 2017లోనూ అంతే. మార్చి 14న మందు వచ్చింది, మే 12న వాన్నాక్రై విరుచుకుపడింది. మధ్యలో రెండు నెలలు! అయినా వేసుకోనివాళ్లు వేసుకోలేదు. బ్రిటన్ ఆస్పత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయాల దాకా కంప్యూటర్లు తాళాలు పడి కూర్చున్నాయి. ఎప్పుడో గడువు తీరిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు మందు విడుదల చేయాల్సి వచ్చింది.

అలాగని అప్‌డేట్లన్నీ అమృతమేమీ కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెరతో నిలిచిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అందుకే ఆయన రిస్టోర్ పాయింట్ మరిచిపోరు. పనులున్న రోజు కాకుండా తీరిక రోజు అప్‌డేట్ చేసుకోమంటారు. విండోస్ మందులు నెలకోసారి, రెండో మంగళవారం వస్తాయి. ఇక్కడి లెక్కన ఆ రాత్రి పదిన్నర దాటాకే. బుధ, గురువారాలు ఆగి శనివారం చేసుకున్నా ఫరవాలేదు, నెలల తరబడి వదిలేయడమే తప్పు.

పాత మిషన్ల సంగతేంటి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది గడువిచ్చారు. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. బడుల్లో, అంగళ్లలో ఉన్నవి చాలావరకు అంతకంటే పాతవి. బిల్లులు కొట్టుకోవడానికి, పిల్లలు నేర్చుకోవడానికి లైనక్స్ వేసుకోవచ్చు. డ్రైవర్లు చాలావరకు అందులోనే ఉంటాయి, తెలుగూ చక్కగా వస్తుంది. కానీ డీటీపీ వాళ్ల పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు దాని మీద ఓ పట్టాన కుదరవు. అలాంటివాళ్లకు ఆయన ఒకటే చెబుతారు... పని మిషన్‌ను నెట్‌కు దూరంగా పెట్టండి, నెట్‌కు వేరేది వాడండి.

ఆయన దగ్గరో నోటుపుస్తకం ఉంది. సిస్టమ్‌కో పేజీ. బోర్డు నంబరు, వేసిన డ్రైవర్లు, చివరి అప్‌డేట్ తేదీ, మార్చిన సెల్లు... ఆస్పత్రి చీటీలా అన్నీ రాసి ఉంటాయి. ఆ పేజీకి నకలు తీసి డబ్బా పక్కన అంటించి ఇస్తారు. రేపు తాను రాలేకపోయినా, ఇంకెవరో ఆ మూత విప్పినప్పుడు వెతుక్కోకుండా పని అందుకోవాలని.