ఒకే డిస్కులో రెండు కాపురాలు

హార్డుడిస్కును విభజించడం అనగానే, అదేదో రంపం పట్టి కోసే పనిలా భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే విభజన జరిగేది నేల మీద కాదు, కాగితం మీద. ఊళ్ళో అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు భూమి రెండుగా చీలిపోదు. పారీఖత్తులో నాలుగు వాక్యాలు మారతాయి; ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా ఎవరిదో రాసుకుంటారు; అంతే. డిస్కుకూ సరిగ్గా అలాంటి పత్రమే ఒకటి ఉంది.

ఆ పత్రం డిస్కులోని మొట్టమొదటి సెక్టరులో ఉంటుంది. దాని విస్తీర్ణమంతా కలిపి 512 బైట్లు. అందులో 446 బైట్లు యంత్రాన్ని నిద్రలేపే చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు వాటాల పట్టికకు, చివరి 2 బైట్లు ఇది చెల్లుబాటయ్యే పత్రమేనని చెప్పే సంతకానికి. ఒక్కొక్క వాటా వివరానికి 16 బైట్లు పడతాయి గనుక, పట్టికలో నాలుగు వాటాలకే చోటు. 1983లో ఐబీయం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చినప్పుడు, దానితోపాటు వచ్చిన డాస్ 2.0 ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. పది మెగాబైట్లను నాలుగు కంటే ఎక్కువ ముక్కలు చేసుకోవాలని ఆనాడు ఎవరనుకుంటారు? ఇప్పటి యంత్రాల్లో వాడే జీపీటీ పద్ధతిలో మామూలుగా 128 వాటాలకు చోటుంటుంది కాబట్టి ఈ ఇరుకు లేదు. నేను చెప్పబోయేది మాత్రం పాత యంత్రం సంగతి.

అది 2011లో మా నాన్నగారు కొనుక్కున్న ల్యాప్‌టాపు. ఆయన ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. ఆ తరువాత ఎనిమిదేళ్ళపాటు మా ఊరి మాటలను పోగుచేయడమే పనిగా పెట్టుకున్నారు. వ్యవసాయం మాటలు, వంటింటి మాటలు, పశువుల పేర్లు, తిట్లు కూడా. మొత్తం మూడువేల పైచిలుకు ఆరోపాలు. అన్నింటినీ పేజిమేకరులో, అను ఖతులతో స్వయంగా టైపు చేసుకున్నారు. పుస్తకంగా వేయాలన్నది ఆయన కోరిక. 2019లో ఆయన పోయేనాటికి పని పూర్తి కాలేదు.

యూనికోడుకు ముందు తెలుగు టైపు చేసినవారికి ఈ ఖతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఫైళ్ళలో నిజానికి తెలుగు అక్షరాలుండవు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాలకూ, గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఖతి ఉన్నచోట అది తెలుగు. లేనిచోట అది పిచ్చిగీతల వరస. నాన్నగారి మూడువేల మాటలు మాటలుగా కనబడాలంటే ఆ విండోసు, ఆ పేజిమేకరు, ఆ ఖతులు, మూడూ అలాగే ఉండాలి.

ఇక రెండో పక్షం మా అమ్మ. నాన్నగారి తరువాత ఆ ల్యాప్‌టాపు ఆవిడ చేతికి వచ్చింది. డల్లాసులో ఉన్న తమ్ముడి పిల్లలతో రోజూ మాట్లాడేది దానిమీదే. కుటుంబ పింఛను పడిందో లేదో చూసుకునేదీ దానిమీదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11కు కావలసిన అర్హతలు ఈ యంత్రానికి లేవు. బ్యాంకు ఖాతా తెరిచే యంత్రాన్ని అలా వదిలేయడం నాకు నచ్చలేదు. కొత్తది కొనిస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఇది బాగానే ఉంది కదరా, మీ నాన్నగారి చెయ్యి పడింది," అంది.

అలా ఒకే డిస్కు మీద ఇద్దరి హక్కులు తేలాయి. నాన్నగారికి పాత ఇల్లు ఇటుక కదలకుండా ఉండాలి. అమ్మకు తలుపులు గట్టిగా ఉన్న కొత్త ఇల్లు కావాలి. పాతదాన్ని పడగొట్టి కొత్తది కట్టే దారి లేదు. కాబట్టి పంపకమే దారి. అమ్మ వాటాలో డెబియన్ లినక్సు స్థాపిద్దామని నిర్ణయించుకున్నాను.

డిస్కు పెట్టె మీద 320 గిగాబైట్లని ఉంటుంది; విండోసు దాన్ని 298గా చూపిస్తుంది. తయారీదారు వెయ్యితో లెక్కవేస్తే, విండోసు 1024తో లెక్కవేస్తుంది. ఎవరూ ఏమీ కాజేయలేదు. పత్రం తెరిచి చూస్తే నాలుగు గళ్ళూ నిండి ఉన్నాయి. విండోసును మేల్కొలిపే 100 మెగాబైట్ల వాటా ఒకటి, సి డ్రైవు ఒకటి, డి డ్రైవు ఒకటి, యంత్రంతో వచ్చిన పునరుద్ధరణ వాటా ఒకటి. ఎంత ఖాళీ ఉన్నా, అయిదో పేరు రాయడానికి కాగితంలో చోటు లేదు. ఇలాంటి స్థితిలో విండోసులోని డిస్కు నిర్వహణ పరికరం, కావాలంటే మొత్తం డిస్కును డైనమిక్ డిస్కుగా మారుస్తానని అడుగుతుంది. మీలో ఎవరికైనా ఆ ప్రశ్న ఎదురైతే వద్దని చెప్పండి. దానికి సరేనంటే ఆపైన లినక్సుకు చోటు దొరకడం కష్టం.

ఈ ఇరుకుకు విరుగుడు 1987లో డాస్ 3.3తో వచ్చింది. నాలుగు వాటాల్లో ఒకదాన్ని విస్తరిత వాటాగా ప్రకటిస్తే, దాని లోపల మళ్ళీ ఎన్నో ఉపవాటాలు చేసుకోవచ్చు. ఉమ్మడి ఇంట్లో ఒక అన్నదమ్ముడి భాగంలోనే ఆయన కొడుకులు గోడలు పెట్టుకున్నట్టు. అందుకు ఒక వాటాను ఖాళీ చేయాలి. మొదటిదాన్నీ, సి డ్రైవునూ ముట్టుకుంటే విండోసు లేవదు. మిగిలినవాటిలో తగినంత జాగా ఉన్నది డి డ్రైవే. నాన్నగారి మాటలన్నీ ఉన్నది సరిగ్గా అందులోనే.

ముందు ఆ డ్రైవు మొత్తాన్నీ రెండు వేర్వేరు బయటి డిస్కుల్లోకి ఎక్కించాను. కాపీ అయిందన్న నమ్మకం చాలదు గనుక, ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ లెక్కగట్టి మూలంతో పోల్చి చూశాను. ఆపైన ఒక నకలును వేరే కంప్యూటరుకు తగిలించి, అవే ఖతులు వేసి, "క" నుంచి "హ" దాకా ఉన్న అధ్యాయాలను ఒక్కొక్కటిగా తెరిచాను. ఇదంతా రెండు రోజులు పట్టింది. విభజన అంటే జనం భయపడేది విభజన ఘడియకు. నిజమైన పని మాత్రం ఆ ఘడియకు ముందే ఉంటుంది.

మూడోరోజు ఉదయం డి డ్రైవును తొలగించబోతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏరా, మీ నాన్నగారివేవీ పోవు కదా?"

"పోవమ్మా. రెండు చోట్ల దాచాను."

"దాచావు సరే. ఇందులోవి?"

ఆవిడ అడుగుతున్నది నకళ్ళ గురించి కాదు. నాన్నగారు టైపు చేసినప్పుడు డిస్కు మీద పడిన అసలు గుర్తుల గురించి. నేను ఉన్నమాట చెప్పాను. ఇప్పుడు చెరిగేది పత్రంలోని పదహారు బైట్లు మాత్రమేననీ, వాటి వెనక ఉన్న గిగాబైట్లన్నీ మరొకటి వచ్చి పైన కూర్చునేదాకా ఉన్నచోటే ఉంటాయనీ, అయితే కొంతసేపటికి వాటిమీద కొత్తవి కూర్చోవడం ఖాయమనీ చెప్పాను. అమ్మ కాసేపు తెరవంక చూసింది. "సరే, కానీ," అంది.

విస్తరిత వాటా ఏర్పడింది. అందులో సగం జాగా మళ్ళీ నాన్నగారికే ఇచ్చాను. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోనే సిద్ధం చేసి, పేరు కూడా డి అనే పెట్టాను. పేజిమేకరు తన బొమ్మలను డ్రైవు పేరుతో సహా పూర్తి చిరునామా పెట్టుకుని వెతుక్కుంటుంది. ఇల్లు మారినా తలుపు మీద నంబరు మారకూడదు. మిగిలిన సగంలో లినక్సుకు 76 గిగాబైట్లు, స్వాపుకు 4.

విండోసు ఉన్న యంత్రంలో లినక్సును రెండోదిగా స్థాపించాలన్న నియమం మీకు తెలిసే ఉంటుంది. విండోసు తరువాత వస్తే ఆ 446 బైట్లను తనకే రాసేసుకుని పొరుగువారిని పట్టించుకోదు. లినక్సుతో వచ్చే గ్రబ్ మాత్రం వచ్చినవారిని ఎటు వెళతారని అడుగుతుంది. ఆ చిన్న జాగాలో గ్రబ్ అంతా ఇమడదు. అందుకని మొదటి సెక్టరుకూ, 2048వ సెక్టరు దగ్గర మొదలయ్యే మొదటి వాటాకూ నడుమ ఎవరి పేరా లేకుండా పడి ఉన్న జాగాలో తన మిగతా శరీరాన్ని సర్దుకుంటుంది. ఇరుపక్షాలకూ దారి చూపేవాడు గట్టు మీద కాపురం ఉండటం నాకు ముచ్చటగా అనిపించింది.

డెబియన్ స్థాపన కార్యక్రమంలో భాషల జాబితాలో తెలుగు ఉంది. అదే ఎంచుకున్నాను. ఒక గంటలో పని ముగిసింది.

తరువాత సర్దుబాట్లు మిగిలాయి. విండోసులోని త్వరిత ప్రారంభం అనే సదుపాయాన్ని ఆపేశాను. అది ఉంటే విండోసు పూర్తిగా ఆగదు, అర్ధనిద్రలోకి జారుకుంటుంది. ఆ నిద్రలో ఉండగా లినక్సు వైపు నుంచి దాని డ్రైవులో ఏదైనా రాస్తే, మేలుకున్నాక దాని లెక్కలు తప్పుతాయి. జాగ్రత్తకోసం లినక్సు నుంచి డి డ్రైవును చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చాను. విండోసు వాటాకు అంతర్జాలపు తలుపు పూర్తిగా మూసేశాను. దానికిక బయటితో పని లేదు. రెండోరోజు చూస్తే విండోసులో గడియారం అయిదున్నర గంటలు వెనకబడి ఉంది. యంత్రంలోని గడియారాన్ని లినక్సు గ్రీనిచ్ కాలంగా భావిస్తే, విండోసు స్థానిక కాలంగా భావిస్తుంది. డెబియనుకు చెప్పి దాన్ని మన కాలానికే ఉంచమన్నాను. ఒకే ఇంట్లో ఉన్నవారు ఒకే గడియారం చూసుకోవాలి కదా.

అమ్మకు నేర్పడానికి పెద్దగా పట్టలేదు. యంత్రం వేయగానే వచ్చే జాబితాను చూసి, "ఊరుకుంటే నా గది, కిందికి నొక్కితే మీ నాన్నగారి గది, అంతేగా," అంది. అంతే.

మన తొలినాళ్ళలో ఒక డిస్కులో రెండు నిర్వాహక వ్యవస్థలను పెట్టుకోవడమంటే ఎక్కువగా కుతూహలమే. ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో వచ్చిన రోజుల్లో, రెంటిలో ఏది గొప్పదని గంటలకొద్దీ వాదించుకున్నవాళ్ళం మనం. ఈ పంపకంలో అటువంటి వాదనకు తావు లేకపోయింది. పాతదాన్ని దాటి రావడానికి కావలసిన గడువును పాతదే ఇస్తుందనీ, ఆ గడువు దొరకాలంటే దాన్ని కొన్నాళ్ళు బతకనివ్వాలనీ తెలిసింది.

ఎందుకంటే ఈ ఏర్పాటు శాశ్వతం కాదు. డిస్కుకు పదిహేనేళ్ళు దాటాయి. అది ఆగేలోగా మాటలన్నీ యూనికోడులోకి రావాలి. మార్చిపెట్టే పరికరాలున్నాయి గానీ, వత్తుల దగ్గర తడబడతాయి. ప్రతి ఆరోపాన్నీ విండోసు వైపు అసలుతో సరిచూసి చేత్తో దిద్దుకోవాలి. ఇప్పటికి తొమ్మిది వందల మాటలు గట్టు దాటాయి. దాటిన మాటలను అమ్మ తన వైపు రోజూ కొన్ని చదువుతుంది.

మొన్న "దాలి" దగ్గర ఆగింది. పిడకల నిప్పు మీద పాలు కాగబెట్టే గుంట అని నాన్నగారి వివరణ. అమ్మ నవ్వి, "పాలు కాగడమే ఆయనకు తెలుసు. నిప్పు ఎంత ఉండాలో, మీద ఏం కప్పాలో నన్నడిగి రాసుకుంటానని రాసుకోలేదు," అంది. ఆ రెండు వాక్యాలూ ఆవిడ చెబుతుంటే నేను యూనికోడులో టైపు చేశాను. ఆ రోజునుంచి ప్రతి మాట కిందా ఆవిడ కోసం ఒక పంక్తి ఖాళీగా వదులుతున్నాను.