గాలోన రోజు లెక్క

విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అప్పట్నుంచి మా సంపాదకుడిది ఒకటే మాట: ‘‘విశాఖ గురించి అందరూ రాస్తున్నారు. పక్క జిల్లాల పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చూసి రా.’’ అలా శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కనున్న ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లాను. కాలేజీ సర్వర్లు ఆగిపోతే ఆ భారం మోయడానికి క్లౌడ్‌లో ఎంత జాగా ముందుగా అట్టేపెట్టుకోవాలి? ఈ లెక్కను మెషీన్ లెర్నింగ్‌తో తేల్చే ప్రాజెక్టు ఫైనలియర్ పిల్లలు చేస్తున్నారు.

ల్యాబ్‌లో గ్రాఫులు బాగానే ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం వెనక షెడ్డులో పనిచేసే జెనరేటర్ ఆపరేటర్. ఉద్దానం మనిషి. పిల్లలంతా బాబాయ్ అంటారు.

నేను వెళ్లేసరికి యూపీఎస్ బ్యాటరీల ముందు గొంతుక్కూర్చుని మల్టీమీటర్ ముళ్లు ఒక్కో టెర్మినల్‌కీ ఆనిస్తున్నాడు. ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ అన్నీ 13.5 వోల్టుల దగ్గరే చూపిస్తాయి, మంచిదేదో చెడ్డదేదో తెలీదు. అందుకని మెయిన్ ఆపించి లోడు బ్యాటరీల మీదికి మళ్లించాడు. అంకెలు దిగడం మొదలైంది. ఒకటి మాత్రం మిగతావాటికంటే చరచరా దిగిపోయింది. దాని మీద సుద్దముక్కతో గీత గీశాడు. ‘‘వరసలో ఒక్కటి నీరసపడితే మొత్తం వరసే పడుకుంటాది బావూ’’ అన్నాడు. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొక్కును గోటితో గీకి, గుడ్డతో తుడిచి, వేలితో వాజలీన్ రాశాడు. జెనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లూ సర్వర్లను నిలబెట్టేవి ఈ బ్యాటరీలే.

ఒకటి పడిపోతే మిగతావి ఎంత మోయాలన్న ఈ లెక్కనే క్లౌడ్ కంపెనీలు పెద్ద ఎత్తున తేల్చుకోవాలి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌ను మూడు జోన్లతో, అంటే విడివిడిగా నడిచే మూడు డేటా సెంటర్ సముదాయాలతో తెరిచింది. మూడు జోన్లూ సమానంగా పనిచేస్తున్నాయనుకోండి. ఒకటి పడిపోతే దాని పని మిగతా రెండూ పంచుకోవాలి. అంటే ప్రతి జోన్‌లోనూ తన పనికి ఒకటిన్నర రెట్లు సామర్థ్యం ఉండాలి. ఉన్నవి రెండే జోన్లయితే ఏకంగా రెండింతలు కావాలి. ఖాళీగా ఉంచిన యంత్రం డబ్బు తింటుంది. చాలకపోతే సేవలన్నీ ఆగిపోతాయి. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో చెప్పమనే మెషీన్ లెర్నింగ్‌ను అడుగుతున్నారు. వర్చువల్ మెషీన్ల పాత నడవడిని బట్టి ముందు ముందు అవసరాలను అంచనా కట్టే పద్ధతిని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2017లోనే ప్రచురించారు. ఎక్కువైతే కలిగే నష్టం కన్నా తక్కువైతే కలిగే నష్టం పెద్దది కాబట్టి, ఇలాంటి అంచనా సగటు దగ్గర ఆగకూడదు, పైఅంచును చూడాలి. ఈ సంగతి ఆ పిల్లలకు బాగా తెలుసు. వాళ్లను మనసారా మెచ్చుకున్నాను.

అంతలో బాబాయ్ ల్యాబ్‌లోకి వచ్చి గ్రాఫు చూశాడు. అక్టోబరు నెల మీద వేలు పెట్టి, ‘‘అమ్మా, మరి గాలోన రోజులేవి?’’ అన్నాడు.

‘‘అప్పుడు సర్వర్ ఆగిపోయింది కదా బాబాయ్. డేటా లేదు. ఖాళీ వరసలు తీసేశాం’’ అంది ఒకమ్మాయి.

‘‘ఆ రోజు కోసమే కదమ్మా ఇదంతా సేస్తున్నారు!’’

ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగిపోయాను. గాలోన అంటే గాలివాన, తుపాను. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. ఉత్తరాంధ్రలో బ్యాకప్ అంటే ముందు గుర్తురావలసినవి ఈ తేదీలే. కరెంటు పోగానే కొలిచే యంత్రమూ పోతుంది. అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రోజున పద్దు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని మోడల్ అవసరం లేనట్టుగా చదువుతుంది, లేదా మనమే శుభ్రం చేస్తున్నామంటూ తుడిచేస్తాం. సర్వర్ లాగ్‌లో కనబడేది సర్వర్ ఇవ్వగలిగినది. జనం అడిగి, దొరక్క వెనుదిరిగినది అందులో ఉండదు. కరెంటు తిరిగొచ్చిన పూట అందరూ ఒక్కసారే ఎగబడే తాకిడి కూడా, ఆ రోజులు తీసేసిన మోడల్‌కు తెలియదు.

ఆ రోజుల లెక్క రాసి ఉన్నది బాబాయ్ దగ్గర. షెడ్డులో రేకు పెట్టె తెరిచి, అట్టలు ఊడిన లాగ్ బుక్కులు తీశాడు. తిత్లీ రాత్రి పేజీ తడిసి ఆరింది, సిరా పాకింది. కరెంటు ఎప్పుడు పోయింది, జెనరేటర్ ఎన్ని గంటలు నడిచింది, డీజిల్ ఎంత మిగిలింది, ఏ బ్లాకు లోడు ముందు తప్పించాడు, కరెంటొచ్చాక లోడు ఎంతకు ఎగిసింది, అన్నీ ఉన్నాయి. చెట్లు పడి డీజిల్ బండి రాలేదని కూడా రాసుకున్నాడు. సర్వర్ ఖాళీగా వదిలిన గంటలకు సాక్ష్యం ఈ పేజీలు మాత్రమే.

ఇలాంటి పుస్తకాలు చాలా ఆస్పత్రుల జెనరేటర్ గదుల్లోనూ, సబ్‌స్టేషన్లలోనూ ఉంటాయి. కాంట్రాక్టు మారినప్పుడు పాత కాగితాల వాడికి కిలోల లెక్కన వెళ్లిపోతాయి. రాసిన మనిషికి ఉద్యోగ భద్రత లేదు, రాసిన దానికి బీరువాలో చోటు లేదు. వేల కోట్ల డేటా సెంటర్లను స్వాగతిస్తున్న మనం, సొంత తుపానుల డేటాను చిత్తుకాగితాల ధరకు అమ్ముకుంటున్నాం. ఇది పేదరికం వల్ల జరుగుతున్నది కాదు, నిర్లక్ష్యం వల్ల జరుగుతున్నది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాలేజీలు, ఆస్పత్రులు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. మీ జెనరేటర్ గదిలోని పాత పుస్తకాలను అమ్మకండి. పేజీ పేజీ ఫొటో తీయించి, మోడళ్లు కట్టే పిల్లల చేతికివ్వండి. రాసినవారి పేరు ప్రాజెక్టు రిపోర్టులో వేయించండి. వచ్చే అక్టోబరు రాకముందే ఈ పని జరగాలి.