నేను చెప్పని వాక్యం

బీచుపల్లి అనగానే ఎవరికైనా ఆంజనేయస్వామి జ్ఞాపకం వస్తాడు. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే బస్సు కృష్ణమీది వంతెన ఎక్కగానే ప్రయాణికులు నదిలోకి ఓ రూపాయి విసిరి, వంతెన దాటగానే గుడివైపు తిరిగి ఓ దండం పెట్టి, మళ్ళీ నిద్రకు ఉపక్రమిస్తారు. మా తట్టు పిల్లలకు బీచుపల్లి అనే పేరు పెట్టుకోవడం పరిపాటి. నేను పాఠం చెప్పే కాలేజీలో ఇప్పటికీ హాజరుపట్టీలో ఏటా ఒకరిద్దరు బీచుపల్లిలు తగులుతూనే వుంటారు. అయితే హాలండు దేశంలో హిల్వర్సమ్ అనే ఊళ్ళో, పోస్టుపెట్టె నెంబరు 222కు వచ్చే ఉత్తరాలు విప్పే గుమాస్తాలకు కూడా ఒకప్పుడు ఈ పేరు పరిచయమేనంటే నా విద్యార్థులు నవ్వుతారు. పరిచయం చేసినవాడు మా నాయన.

నాయన పక్క ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరు. చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు అడ్రసులు చదవడానికి సరిపడా వచ్చు, అంతకుమించి రాదు. ఆయనకు పేకాట లేదు, పొగాకు లేదు, రాజకీయం లేదు. ఉన్నదల్లా తోలు తొడుగు వేసిన ఒక ఫిలిప్స్ రేడియో. రాత్రి భోజనం కాగానే దాన్ని వాకిట్లో నులకమంచం మీద పెట్టుకుని, వేపచెట్టు కొమ్మకూ ఇంటి కప్పుకూ కట్టిన రాగితీగను తగిలించి, ముల్లును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ కూచునేవాడు. కావలసింది పాటలు కావు, వార్తలూ కావు. ఎంత దూరం నుంచి, ఎంత చిన్న స్టేషను, ఎంత రొదలోంచి వినబడుతుందీ అన్నదే ఆయనకు ఆట. ఈ ఆటకు ప్రపంచమంతటా ఆటగాళ్ళున్నారు. దానిని వాళ్ళు డి.ఎక్స్. అంటారు.

విన్నదానికి రిపోర్టు రాయాలి. తేదీ, వేళ, మీటర్లు, విన్న సంగతులు రెండు మూడు, ఆ పైన అయిదంకెలు. శబ్దం ఎంత బలంగా వుంది, పక్క స్టేషను ఎంత అడ్డొచ్చింది, ఉరుములూ మెరుపులూ ఎంత రొద చేశాయి, అల ఎంత నిలకడగా వుంది, మొత్తం మీద వినికిడి ఎల్లా వుంది — ఒక్కొక్కదానికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. రిపోర్టు నిజమని తేలితే ఆ స్టేషనువారు రంగుల కార్డొకటి పంపుతారు. దాన్ని క్యూ.ఎస్.ఎల్. కార్డు అంటారు. అందిందని రసీదు అన్నమాట. పోస్టుమాస్టరుకు రసీదుల మీద మమకారం సహజమే కదా! తన ఉత్తరానికి తానే ముద్ర కొట్టుకుని, వచ్చిన జవాబు తానే సంచీలోంచి తీసుకుని, తనకు తానే బట్వాడా చేసుకునేవాడు.

మామూలు స్టేషన్లు సరే, ఈ ఆటగాళ్ళ కోసమే నడిచే కార్యక్రమాలు కొన్ని వుండేవి. స్వీడను రేడియో 1948లోనే అల్లాంటిదొకటి మొదలుపెట్టింది. మనకు దగ్గరలో పూనా నుంచి ఆస్ట్రేలియా దేశస్థుడైన ఏడ్రియన్ పీటర్సన్ గారు 1975లో ఒకటి ఆరంభించారు. రికార్డు చెయ్యడం పూనాలో, ప్రసారం కొలంబో నుంచి. నాయనకు పిచ్చి పట్టించింది అదే. అప్పట్లో బళ్ళో ఇంగ్లీషు మాస్టారు పక్కన కూచుని అర్థం చెప్పేవారట. ఆయన బదిలీ అయిపోయాక ఆ ఉద్యోగం నాకు సంక్రమించింది.

నా వంతు వచ్చేసరికి నాయన అభిమానం రేడియో నెదర్లండ్స్ వారి ‘మీడియా నెట్‌వర్క్’ మీదికి మళ్ళింది. 1981లో మొదలైన కార్యక్రమం అది. నడిపినవారు జోనథన్ మార్క్స్. గురువారం వచ్చేది. దొంగ స్టేషన్లు ఎక్కణ్ణుంచి పలుకుతున్నాయి, ఏ దేశం ఏ దేశం మాటలను రొదతో కప్పేస్తోంది, ఏ కొత్త సెట్టు కొనవచ్చు, ఏది కొనకూడదు, ఈ వారం సూర్యుడి మచ్చలు ఎల్లా వున్నాయి — ఇవీ విశేషాలు. హాలండువారికి ఈ విద్య పాతదే. దూరానున్న తమ తూర్పు దీవులకు 1927లోనే షార్ట్‌వేవ్ మీద మాటలు పంపించారు. ఆ ప్రయత్నం వెనుక వున్నది ఫిలిప్స్ కంపెనీయే. ఈ సంగతి విన్ననాడు నాయన తన సెట్టును తుడిచి, “నీ పుట్టింటోళ్ళు మాట్లాడుతున్నరే!” అన్నాడు.

తెలుగు ఎం.ఏ.లో నాకు మంచి మార్కులు వచ్చాయి కాని, అనువాదం నేర్చుకున్నది మాత్రం ఆ వాకిట్లోనే. వాక్యం ముగిసేలోగా తెలుగు చెయ్యాలి, లేకపోతే తర్వాతి వాక్యం జారిపోతుంది. అయనోస్ఫియర్‌ను ‘పైగాలి అద్దం’ అన్నాను. షార్ట్‌వేవ్ అల దానికి తగిలి కిందికి వస్తుంది, నేలకు తగిలి మళ్ళీ పైకి పోతుంది, ఆ గెంతులతోనే సముద్రాలు దాటుతుంది. నాయనకు ఆ మాట ఎంతో నచ్చింది. “ఇయ్యాల అద్దం మసకబారింది” అనేవాడు, వినబడని రోజున. కరెంటు పోతే ఊరంతా విసుక్కునేది. మా ఇంట్లో పండగ! వేరుశనగ చేల మోటార్లు, ట్యూబులైట్లు అన్నీ ఆగిపోయి రొద తగ్గేది. అప్పుడు అమ్మ కూడా వచ్చి గడప మీద కూచునేది. ఆమెకు హాలండుతో పని లేదు. మేమిద్దరం అంతసేపు ఒక మాట మీద వుండటం చూడాలని సరదా.

2000వ సంవత్సరం ఎండాకాలంలో అమ్మ పోయింది. నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్నాను. ఇంట్లో నాయన ఒక్కడే. అక్టోబరులో దీపావళికి వచ్చాను. ఆ గురువారం రాత్రి ఎప్పటిలాగే మంచం వేశాం, తీగ తగిలించాం. కరెంటు వుంది, టపాకాయలూ వున్నాయి. ఆ రెంటి మధ్య నుంచి ఆ గొంతు వచ్చిపోతూ వుంది. అంత రొదలోనూ నాకు స్పష్టంగా వినబడింది — ఆ కార్యక్రమం ఇక ముగిసిపోతున్నదని. పందొమ్మిదేళ్ళు నడిచినది.

“ఏమంటున్నడు?” అన్నాడు నాయన.

నేను ఆయన ముఖం చూశాను. గడప వైపు చూశాను. “ఏం లేదు, సరిగ్గా వినబడటం లేదు” అన్నాను.

“అయితే ఇయ్యాల రిపోర్టు వద్దులే. టపాకాయలకు మార్కులెట్ల ఏస్తం?” అని నవ్వి, లాగుబుక్కు మూసేశాడు. ఆ పుస్తకం మూస్తున్నప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. మర్నాడు బస్సెక్కాను.

తర్వాత నాలుగు వారాలకు కార్డు వచ్చింది. నాయన కార్డులు టెలిగ్రాముల్లా వుండేవి. ‘నాలుగు గురువారములు. గొంతు లేదు. స్టేషను ఉంది, మనిషి లేడు. సూర్యుని మచ్చలు కావచ్చు. తీగ ఇంకొక కొమ్మకు మార్చుచున్నాను.’ ఆ యేడు సూర్యుడి మచ్చలు పదకొండేళ్ళ చక్రంలో శిఖరం మీద వున్నాయి. షార్ట్‌వేవ్‌కు అంతకంటె మంచి కాలం రాదు. ఆ సంగతి ఆయనకు నేనే ఎన్నోసార్లు అనువదించి చెప్పాను. అయినా తప్పు సూర్యుడి మీదికి తోశాడే తప్ప నా మీద అనుమానం రాలేదు. జవాబు రాద్దామనుకుంటూ వారం గడిపాను. ఈలోగా మరో కార్డు, పక్కింటివాళ్ళ చేతిరాతతో: మీ నాయన వేపచెట్టు మీంచి జారి మడమ బెణికించుకున్నాడు, కంగారు లేదు, వీలైతే రమ్మన్నాడు.

వచ్చేసరికి మంచం మీద కాలు చాపుకుని కూచున్నాడు. ఒళ్ళో నాలుగైదు ఉత్తరాలు. ఈ ఆటగాళ్ళు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. ఎవరూ ఎవరినీ చూసి ఎరగరు. రాయచూరులో పత్తి దుకాణం గుమాస్తా ఒకాయన, కడపలో గడియారాలు బాగుచేసే ఆయన, విజయవాడలో రైల్వే ఉద్యోగి ఒకాయన — వీళ్ళంతా నాయనకు ఆ దోవన చుట్టాలు. గుమాస్తా ఉత్తరం మొదటినుంచి చివరిదాకా కోపం. ఇన్నేళ్ళు ఉత్తరాలు రాయించుకుని ఇప్పుడు మూసేస్తారా, మనమంతా కలిసి మహజరు పంపుదాము, మీ సంతకం వెంటనే పంపండి, అని. గడియారాలాయన రెండే ముక్కలు రాశాడు: సెట్టు అటక ఎక్కించాను, గురువారం రాత్రులు ఇంట్లోవాళ్ళతో గడుపుతున్నాను, వాళ్ళకు ఆశ్చర్యంగా వుంది. రైల్వే ఆయన మాత్రం ఆఖరి కార్యక్రమాన్ని టేపు చేసి, దాన్ని పిల్లలు తెలియక సినిమా పాటలతో చెరిపేశారనీ, భార్యతో మూడు రోజులు మాట్లాడలేదనీ రాశాడు. పనిలో పనిగా ఆఖరిరోజు నాయన ఎన్ని మార్కులు వేశాడో తెలపమన్నాడు.

ఇవన్నీ నాయన నా చేత గట్టిగా చదివించాడు. తెలుగు ఉత్తరాలే, తానే చదువుకోగలడు. అప్పటికే చదువుకుని వుంటాడు కూడా. నేను చదువుతూంటే వింటూ కూచున్నాడు. రైల్వే ఆయన ఉత్తరం ముగిశాక, “దీపావళి నాడు నీకు ఇనబడిందా?” అని అడిగాడు.

“వినబడింది.”

చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, “మీ అమ్మ పోయినప్పుడు కూడ నేను పోస్టాఫీసుల ముద్రలు కొట్టినగద. తట్టుకుంటి. రేడియో పోతే తట్టుకోనా?” అన్నాడు.

నాకు మరేమీ తోచక, ఇప్పుడైనా రిపోర్టు రాద్దాం నాయనా, ఆ రోజు విన్నదంతా నాకు జ్ఞాపకం వుంది, అంకెలు నువ్వు వెయ్యి, అన్నాను. ఆయన కోప్పడింది అప్పుడే. “తేదీ ముద్ర ఎనక్కు తిప్పమంటవా?” అన్నాడు. పోస్టల్ శాఖలో పనిచేసినవారికి ఆ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది. మహజరు మీద సంతకం చేశాడు కాని, రిపోర్టు రాయలేదు. ఆయన రేకుపెట్టెలో హాలండు కార్డులు వరుసగా వుంటాయి. ఆఖరిది మాత్రం లేదు.

ఆ తర్వాత ఒక్కొక్క దీపమే ఆరుతూ వచ్చింది. రేడియో నెదర్లండ్స్ ఇంగ్లీషు ప్రసారాలు 2012 జూన్‌తో ముగిశాయి. బి.బి.సి. హిందీ రేడియోను 2011లో మూసెయ్యబోతే శ్రోతలు గోలచేసి నిలబెట్టుకున్నారు. 2020 జనవరి 31న అదీ ఆగింది. ఆ వార్త చదివి వినిపించినప్పుడు నాయన, “మహజరు పనిచేస్తదన్నమాట, కొన్నాళ్ళు” అన్నాడు. అదొక్కటే ఆయన వ్యాఖ్య.

ఇప్పుడు ఆయనకు ఎనభైనాలుగు. మా దగ్గరే గద్వాలలో వుంటున్నాడు. శనివారం శనివారం బీచుపల్లి తీసుకుపోతాను. చెవులు మందగించాయి. మొన్నొకనాడు నా విద్యార్థి ఒకడు, వాడి పేరూ బీచుపల్లే, ఇంటర్నెట్టులో మార్క్స్‌గారు తమ పాత కార్యక్రమాలను వందలకొద్దీ దాచివుంచారని చూపించాడు. ఆ శనివారం దర్శనమయ్యాక నది ఒడ్డున మెట్ల మీద కూచోబెట్టి, 1990ల నాటిది ఒకటి ఫోనులో పెట్టి, తీగలు ఆయన చెవుల్లో ఒకటి, నా చెవిలో ఒకటి వుంచాను.

ఆ గొంతు వినగానే నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి అసంతృప్తిగా, “రొద ఏదిరా?” అన్నాడు. లేదు నాయనా, ఇది ఆకాశంలోంచి రావడం లేదు, అన్నాను. “అన్నీ అయిదులే అయితే ఇదేం రిపోర్టు?” అంటూనే జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. తేదీ వేశాడు. ఆ రోజుదే. స్థలం: బీచుపల్లి. మీటర్ల దగ్గర కాస్త ఆలోచించి ‘ఫోను’ అని రాశాడు.

“ఊ, చెప్పు” అన్నాడు.

వాక్యం వెంట వాక్యం చెప్పుకుంటూ వచ్చాను. అరగంటా ఒక్కటి వదలలేదు. గుళ్ళో మైకు ఒకటి రెండుసార్లు అడ్డొచ్చింది. ఆయన సంతోషంగా అడ్డంకి ఒక మార్కు తగ్గించాడు. చివర మార్క్స్‌గారు సెలవు తీసుకున్నారు.

“ఏమంటున్నడు?”

“వచ్చే గురువారం మళ్ళీ వస్తానంటున్నాడు.”

నాయన పెన్ను ఆపి నా ముఖంలోకి చూశాడు.

“సరిగ్గనే చెప్తున్నవా?” అన్నాడు.